కల్దార్ నూలు, హాలీ ధర

ఈ మధ్య మా వీధి చివరి కిరాణా కొట్టులో సబ్బు, చాయ్‌పత్తా కొన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే కొట్టతను చిల్లర ఎక్కువ ఇచ్చినట్టు తేలింది. వెనక్కి వెళ్ళి నోటు తిరిగి ఇచ్చాను. అతను సంతోషించలేదు సరికదా, ఆ నోటును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చెల్లని నోటేదో తన నెత్తిన రుద్దుతున్నానని అతని అనుమానం. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. సహకార శాఖలో ఉన్నన్నాళ్ళూ నేనూ జనాన్ని అదే చూపుతో చూస్తూ జీతం తీసుకున్నవాణ్ణే.

ఆ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఒకసారి ఒక అమ్మాయి అడిగింది: "సార్, దుకాణం వాళ్ళు పొరపాటున తక్కువ తీసుకుంటే, కొన్నవాళ్ళు తర్వాత కట్టాలా, అక్కర్లేదా?" పరీక్షలో వచ్చే ప్రశ్నలాగా చాలా తేలిగ్గా అడిగింది. నా కొలువు మొదట్లో ఈ ప్రశ్న దగ్గరే ఒక మనిషి జైలు గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పినట్టే మీకూ చెప్తాను. పేర్లు మాత్రం అడగొద్దు. పేర్లు బయట పెడితే ఎవరో ఒకరు నోటీసు పంపుతారని నాకు ఇప్పటికీ భయమే.

పోలీసు చర్య జరిగి కొన్నేళ్ళయింది. నైజాం పెత్తనం పోయింది గాని ఆయన రూపాయి ఇంకా పోలేదు. బజార్లో రెండు రకాల డబ్బు తిరిగేది. ఒకటి మన హాలీ సిక్కా, రెండోది దేశమంతటా చెల్లే కల్దార్. ఆరు కల్దార్ రూపాయలిస్తే ఏడు హాలీ రూపాయలు. ఉల్లిగడ్డలమ్మే ఆమెకు కూడా ఈ లెక్క నోటికి వచ్చేది. మీకు గందరగోళంగా అనిపిస్తుందేమో గాని, మేం ఇంట్లో తెలుగు, దఫ్తర్లో ఉర్దూ మాట్లాడినట్టే అదీ అలవాటైపోయింది. ధర చెప్పేవాణ్ణి "ఏ సిక్కా?" అని అడక్కుండా ఎవరూ జేబులో చెయ్యి పెట్టేవాళ్ళు కాదు.

నేను అప్పుడు కరీంనగర్లో కొత్త ఇన్‌స్పెక్టర్ని. వయసు చిన్నది, అనుమానం పెద్దది. మా పైఅధికారికి నాలో నచ్చింది ఆ రెండోదే. తనిఖీకి వెళ్తే నా రొట్టె నేనే మూట కట్టుకుపోయేవాణ్ణి. సంఘం వాళ్ళు పోసిన చాయ్ తాగితే రాసే చెయ్యి మెత్తబడుతుందని నా నమ్మకం. తూకం రాళ్ళను తిరగేసి అడుగున చూసేవాణ్ణి. ఎవరైనా నన్ను చూసి మరీ వంగి దండం పెడితే, ఏం దాస్తున్నాడో అని దారంతా ఆలోచించేవాణ్ణి.

వేములవాడ దారిలో ఒక నేతపని ఊరుండేది. ఏ ఇంట్లో చూసినా నేలలో గుంట తవ్వి దించిన మగ్గం, దాని చప్పుడు. ఊరు మొత్తం ఒక్క సావుకారి చేతిలో ఉండేది. నూలు ఆయనే అప్పిచ్చేవాడు, నేసిన చీర ఆయనే కొనేవాడు. ఏ ధరకు ఇచ్చిందీ, ఏ ధరకు కొన్నదీ ఆయన నోట వచ్చిందే లెక్క. తాత తీసుకున్న అప్పు మనవడి మగ్గం మీద కూచునేది. ఆ పట్టు విడిపించాలని నేతవాళ్ళ సంఘం పెట్టి, సర్కారు ధరకు నూలు అమ్మే డిపో ఒకటి తెరిచారు. మగ్గానికో నూలు కట్ట, రొక్కం ఇచ్చి పట్టుకుపోవడమే, అప్పు లేదు. చీర కొనేందుకు మాత్రం ఇంకా సావుకారి తప్ప దిక్కు లేదు.

డిపోలో ఒక గుమాస్తా. మెట్‌పల్లి వైపు మనిషి, సన్నగా ఉండేవాడు, కొత్తగా పెళ్ళయి ఒక పిల్ల పుట్టింది. మర్యాద కొంచెం ఎక్కువ. అందుకే నాకు అతని మీద మొదటినుంచీ కన్ను.

ఆ డిపోకు అన్నాళ్ళూ నూలు బేళ్ళు హాలీ ధరతోనే వచ్చేవి. ఆ నెల బొంబాయి వైపు మిల్లు నుంచి వచ్చింది. కట్ట ధర ఇరవై ఒకటి అని చీటీ మీద ఉంది. ఏ సిక్కానో లేదు. మా దఫ్తర్ వాళ్ళు కల్దార్‌లోకి మారారు గాని, మారినట్టు డిపోలకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. గుమాస్తా అలవాటు చొప్పున హాలీ అనుకున్నాడు. తమాషా ఏమిటంటే, కొనేవాళ్ళ డబ్బు విషయంలో అతను ఒక్క తప్పూ చెయ్యలేదు. కల్దార్ ఇచ్చినవాడికి ఆరుకు ఏడు కట్టి, పైసాతో సహా చిల్లర వాపసిచ్చాడు. ఊరందరినీ "ఏ సిక్కా?" అని అడిగిన మనిషి ఆ చీటీని మాత్రం అడగలేదు. ఇరవై ఒక్క కల్దార్ అంటే ఇరవై నాలుగున్నర హాలీ. కట్టకు మూడున్నర రూపాయలు గాలికి పోయాయి.

నూలు మొత్తం అమ్ముడైంది. అతను డబ్బు మూట కట్టుకుని కరీంనగర్ వచ్చి గోదాము ఖజాంచీ ముందు పెట్టాడు. ఖజాంచీ లెక్కపెట్టి "మిగతాది ఏది?" అన్నాడు. ఆ ధర కల్దార్‌లోదని గుమాస్తాకు అప్పుడు తెలిసింది.

మా పైఅధికారి నన్ను పిలిచి, చాలా తేలిగ్గా చెప్పాడు. "కొన్నోళ్ళు మిగతాది కడితే అది పొరపాటు. కట్టకపోతే చోరీ. వచ్చే సంత లోపల తేల్చుకొని రా. కాగితం మీద రెండిట్లో ఒకటి ఉండాలె. చోరీ అయితే ఠాణాకు నేనే రాస్త."

"సాబ్, చీటీ మీద సిక్కా రాయలే కద?" అన్నాను, ఎంత అనుమానపు మనిషినైనా నాకూ ఒక చిన్న సందేహం.

"అడగాల్సింది వాడు," అన్నాడాయన. ఆ మాట తర్వాత దఫ్తర్ చేతులు దులుపుకుంది.

అంటే ఒకడు దొంగో కాదో, అతను ఏం చేశాడన్న దాన్ని బట్టి కాకుండా, వేరే వాళ్ళు డబ్బు కడతారా లేదా అన్న దాన్ని బట్టి తేలుతుందన్నమాట. అప్పుడు నాకు ఇది వింతగా అనిపించలేదు. దొంగే అయి ఉంటాడు, కట్టించి చూద్దాం అనుకుంటూ బస్సెక్కాను.

డిపో ముందు దిగగానే నా కంట పడింది అతని సైకిలు. కొత్తది. గంటకు ఎర్ర దారం కట్టి ఉంది. ఇంత జీతానికి ఇంత సైకిలా అని మనసులో రాసిపెట్టుకున్నాను.

"సార్, నేను ఒక్క పైసా ముట్టలే," అన్నాడు గుమాస్తా. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మీరు ఏ ప్రమాణం చెయ్యమన్నా చేస్త. గీ పిల్ల మీద చెయ్యమన్నా చేస్త."

"పిల్లను మధ్యల పెట్టకు. సైకిల్ ఎక్కడిది?"

"మా మామ ఇచ్చిండు సార్, పెండ్లప్పుడు ఇస్తనన్నది మొన్న ఇచ్చిండు."

పెళ్ళికి ఇస్తానన్న సైకిలు సరిగ్గా నూలు అమ్ముడైన నెలలోనే వచ్చిందా అని నేను ముఖం పెట్టాను. అతను నా ముఖం చూసి చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాను. రొట్టె తీసి తిన్నాను.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కో ఇంటి ముందు నిలబడి అదే పాట. నూలు ధర తప్పు పడింది, కట్టకు మూడున్నర మీరు కట్టాలి, లేకపోతే గుమాస్తా జైలుకు పోతాడు. విన్నవాళ్ళు విన్నట్టే మగ్గం తొక్కుతూ ఉన్నారు. కొందరు అసలు ఆ నెల నూలే కొనలేదన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వెనక ఆరబెట్టిన నూలు నన్నే చూస్తుండేది. ఒకాయన మాత్రం కోపంగా అడిగాడు.

"సారూ, అంగట్ల బట్ట కొంటం. అమ్మెటోడు ధర చెప్తడు, ఇస్తం, వస్తం. నెల దాటినంక వాడు ఇంటికొచ్చి, నేను తక్కువ చెప్పిన, ఇంకింత ఇయ్యి అంటె నువ్వైతే ఇస్తువా?"

"ఇది అంగడి కాదు, మీ సంఘం డిపో."

"మా సంఘమా? తాళం చెవి మీ కాడుండె, ధర మీరు రాస్తిరి. తప్పుకాడికి వచ్చేసరికి మాదైందా?"

నేను ఆ మాట చెవిలో వేసుకోలేదు. నా అనుమానం ఇంకో దారిలో పోతోంది. ఆ నూలు వచ్చినప్పుడు, నెలల తరబడి డిపో మొహం చూడనివాళ్ళు కూడా వచ్చి వరస కట్టారని గుమాస్తా చెప్పాడు. అంటే నూలు ముందటి కంటే అగ్గువ, చవక అని ఊరందరికీ తెలుసు. తెలిసి నోరు మెదపలేదు. అతనూ వీళ్ళూ కలిసే ఈ పని చేశారా? కట్టకు ఇంత అని అతని చేతిలో పెట్టారా? దీనిమీద మంచం ఎక్కేదాకా ఆలోచించాను. ఎటు చూసినా అందరూ దొంగల్లాగే కనిపించారు. మా శాఖలో ఆ చూపుకు మంచి పేరుండేది.

మర్నాడు సావుకారే డిపోకు వచ్చాడు. తెల్లటి ధోతి, నిదానమైన మాట. వచ్చి నా ఎదుటి బల్ల మీద కూచుని అన్నాడు:

"ఎందుకు సార్ గింత పరేషాన్? పాపం పిల్లగాడు జైలుకు పోతడు. వీళ్ళ కాడ ఏమున్నది కడ్తానికి? తక్కువ పడ్డదంత నేనే కట్టేస్త. మిత్తి గూడ లేదు. వీళ్ళు మెల్లగ ఇచ్చుకుంటరు. మీ కాగితం మీద పొరపాటని రాసుకోండ్రి, బస్సెక్కి పోండ్రి."

నిజం చెప్తున్నాను, నా ప్రాణం లేచి వచ్చింది. వడ్డీ లేని డబ్బు వస్తుంది, గుమాస్తా బతుకుతాడు, సంతలోపల పని తేలుతుంది, పైఅధికారి భుజం తడతాడు. ఇంతకంటే ఏం కావాలి? కాని నా పాడు బుద్ధి ఊరుకోదు కదా. డిపో పెట్టిందే ఈయన పట్టు తప్పించడానికి. డిపో మునిగితే ఈయన దీపాలు పెట్టుకోవాలి. ఒడ్డున పడేస్తానంటాడేమిటి? ఆ రోజు మొదటిసారి నా అనుమానం సరైన మనిషి మీదికి మళ్ళింది. అయినా ఆయన లోపలి లెక్క ఏమిటో నాకు అంతు పట్టలేదు. రేపు అందరినీ కూడేసి చెప్తానని పంపేశాను.

మరునాడు సంఘం పెద్ద ఇంట్లో అందరూ చేరారు. ఆయన మగ్గం ఉన్న గది పెద్దది. నేను కుర్చీలో, సావుకారి మంచం మీద, మిగతావాళ్ళు గోడల వెంట. గుమాస్తా నడిచి వచ్చాడు. సైకిలేదీ? దాచిపెట్టాడా అనుకున్నాను. చూశారా, ఎలాంటివాణ్ణో.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉందని నాకు సంఘం పెద్ద చెప్పాడు. కులం తగవుల్లో మాట తేలకపోతే మగ్గం ముట్టి చెప్పమంటారు. అన్నం పెట్టే మగ్గాన్ని ముట్టి ఎవరూ అబద్ధం ఆడరు. ఇది దొరికింది కదా అని లోపల సంబరపడ్డాను. వీళ్ళ తాడుతోనే వీళ్ళను కట్టేద్దామనుకున్నాను.

"ఒక్కొక్కరు వచ్చి మగ్గం ముట్టి చెప్పుండ్రి," అన్నాను. "నూలు అగ్గువకు వస్తుందని మీకు ఎరుకనా, కాదా?"

నేను పిలవకముందే గుమాస్తా లేచి మగ్గం మీద రెండు చేతులూ పెట్టి, "నేను ఒక్క పైసా తినలే," అన్నాడు. అతను నేతవాడు కాదు కదా, ఆ మగ్గం అతనికి దేవుడెలా అవుతుందని నేను అప్పుడు కూడా అనుకున్నాను.

తర్వాత ఒక ముసలాయన లేచాడు. మగ్గాన్ని ముట్టి, చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. "ఎరుకే సారూ. అగ్గువని ఎరుకే. పొరపాటని ఎరుక లే. కొత్త సర్కారు వచ్చింది కద, మా మీద దయ సూపిందనుకున్నం."

ఇంకొకరు వచ్చారు, అదే మాట. ఇంకొకరు. మొన్న నూలే కొనలేదన్నవాళ్ళు కూడా వచ్చి, కొన్నామని చెప్పి, తల దించుకుని వెళ్ళి కూచున్నారు. నాకు గెలిచినట్టుంది. తెలిసే కొన్నారు, ఒప్పుకున్నారు, ఇక కట్టక చస్తారా అనుకున్నాను.

చివర ఒక అవ్వ లేచింది. భర్త పోయాక తనే గుంటలో దిగి నేసుకుంటున్న మనిషి. మగ్గం ముట్టి, "నాకూ ఎరుకే," అంది. అని వెళ్ళి కూచోలేదు. నా వైపు తిరిగింది.

"అందర్ని ముట్టిచ్చినవ్ కద బిడ్డా. గిప్పుడు నువ్వు ముట్టు."

"నేనెందుకవ్వా?"

"గదే నూలు మీ డిపో మాకు మూడున్నర ఎక్కువకు అమ్మిందనుకో. నువ్వు గిట్లనే ఎండల ఇల్లిల్లు తిరిగి, మా పైసలు మాకు తిరిగిస్తువా? మగ్గం ముట్టి చెప్పు."

నా చెయ్యి సగం దాకా లేచింది. ఎందుకివ్వను అనే మాట నాలిక చివరనే ఉంది. అంతలో ఇంకో డిపో సంగతి గుర్తొచ్చింది. అక్కడ లెక్కకు మించి డబ్బు తేలితే, మా పైఅధికారి దాన్ని మిగులు అని రాయించి, ఆ గుమాస్తాను నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ ఎక్కువ ఎవరి జేబులోంచి వచ్చిందని ఆయన అడగలేదు. పక్కనే కూచున్న నేనూ అడగలేదు. మా దఫ్తర్లో తక్కువ పడితే దొంగ, ఎక్కువ పడితే సమర్థుడు. అందరినీ అనుమానించే నాకు ఆ మిగులు మీద ఎన్నడూ అనుమానం రాలేదు.

గదిలో అందరి కళ్ళూ నా చేతి మీదున్నాయి. లేచి వెళ్ళి మగ్గం ముట్టాను. ఎన్ని చేతులు ఆడితే అంత నునుపు తేలిందో ఆ కర్ర.

"తిరగను అవ్వా," అన్నాను. "మా దఫ్తర్ తిరగనియ్యదు. ఎక్కువొస్తే మిగులని రాసుకుంటం."

ఒక మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది గదంతా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

"గా మాట ముందుగాలనే చెప్తే అయిపోవు కద," అంది.

అప్పటిదాకా నన్ను నమ్మనివాళ్ళు ఆ మాటతో నమ్మినట్టున్నారు. ఒక యువకుడు లేచి, మగ్గం ముట్టి మరీ చెప్పాడు. "సారూ, నూలు అగ్గువైన మాట నిజమే గాని మా చేతుల ఏం మిగల్లే. డిపోల ధర పడ్డదని సావుకారికి గదే రోజు తెల్సింది. చీరకు గంత తగ్గిచ్చి కొన్నడు. మూడున్నర మాకు రాలే, ఆయనకు వచ్చింది."

గోడల వెంట అందరి తలలూ ఊగాయి. నేను సావుకారి వైపు చూశాను. రెండు రోజులుగా డబ్బు తిన్నవాడెవడా అని వెతుకుతున్నాను. తిన్నవాడు డిపోలో ఒక్క నూలు కట్ట కూడా కొనలేదు. తిన్నది తిరిగిస్తానని, అదీ వీళ్ళ పేరున అప్పుగా రాసుకుని ఇస్తానని వచ్చాడు.

అవ్వ ఆయన్ని కూడా వదల్లేదు. "సావుకారీ, కట్టేస్తనంటివట. మంచిదే. మిత్తి అడగనని, చీర ధర తగ్గియ్యనని నువ్వు గూడ మగ్గం ముట్టి చెప్పరాదు?"

ఆయన నిదానంగా లేచాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. "నాకు వేములవాడల పనున్నది," అన్నాడు. బయట ఆయన మనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ సైకిలు గంటకు ఎర్ర దారం ఉంది.

గుమాస్తా తల ఎత్తలేదు. "కుదువ పెట్టిన సార్," అన్నాడు మెల్లగా. "నా వంతు నేను కడ్దామని. ఊళ్ళె ఇంకెవరిస్తరు పైసలు?" ఆ మాట విన్నాక నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మీకు పెద్దగా ఉపన్యాసం ఇవ్వను. అతని వైపు చూడలేక చూరు వైపు చూశాను.

ఇంక అసలు ప్రశ్న మిగిలింది. కట్టాలా, వద్దా? యువకుడు వద్దన్నాడు. "తప్పు దఫ్తర్‌ది, లాభం సావుకారిది, దండుగ మాదా?" అన్నాడు.

అవ్వ ఇంకోలా మాట్లాడింది. "నువ్వన్నది నిజమే బిడ్డా. న్యాయం చూస్తె కట్టొద్దు. కని మనం కట్టకుంటె సావుకారి కడ్తడు. ఆయన కడితె డిపో ఆయనదైతది. మళ్ళ ఆయన నూలే, ఆయన ధరనే. గీ పిల్లగాడు గూడ జైలుకు పోతడు, వాడు మనకు చిల్లర సరిగ్గనే ఇచ్చిండు. సగం మనం కడ్దం. సగం తప్పు చేసినోళ్ళు కట్టుకోని."

"పైసలు యాడున్నయి?" అన్నారెవరో.

"పైసలు లేకుంటె చేతులు లేవా?"

అలా తేలింది. ఇంట్లో మిగిలిన నూలుతో మగ్గానికి ఇన్ని తువ్వాళ్ళు నేసి డిపోకు ఇస్తారు. డిపో వాటిని అమ్ముకుంటుంది. మిగతా సగం దఫ్తర్ భరించాలి. లేచేముందు యువకుడు నన్ను అడిగాడు: "సగం కట్టినంక మిగిలిన సగం గూడ అడగరని ఏం నమ్మకం?"

"నమ్మకం లేదు," అన్నాను. ఆ రోజు నాకు నిజం చెప్పడం అలవాటైపోయింది.

కరీంనగర్ వెళ్ళి నా నివేదికలో పొరపాటే అని రాశాను. అంతటితో ఆపితే బాగుండేది. ధర చీటీ మీద సిక్కా రాయకపోవడం దఫ్తర్ తప్పు, కాబట్టి సగం నష్టం దఫ్తర్‌దే అని కూడా రాశాను. పైఅధికారి చదివి కళ్ళద్దాలు తీశాడు.

"దఫ్తర్‌ది తప్పా?" అన్నాడు. ఆయన్ను తిట్టానన్నట్టే అడిగాడు.

"జీ సాబ్."

"నీకు సావుకారి ఎంత ఇచ్చిండు? లేకపోతే సాలోళ్ళు ఇచ్చిండ్రా?"

నేను నేర్చుకున్న చూపు ఎక్కడిదో అప్పుడర్థమైంది. వాదన చాలా సాగింది. చివరికి ఆ సగం రద్దయింది, గుమాస్తా కొలువు నిలిచింది. నాకు మాత్రం ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ వచ్చింది. బయల్దేరే ముందు ఆ తువ్వాళ్ళలో ఒకటి పూర్తి ధర పెట్టి కొన్నాను, "ఏ సిక్కా?" అని అడిగి మరీ. గుమాస్తా సైకిలు విడిపించుకున్నాడని తర్వాత విన్నాను. హాలీ సిక్కా చెల్లకుండా పోయాక కూడా అతను ఏ చీటీ వచ్చినా ఏ సిక్కా అని అడుగుతూనే ఉండేవాడట. అతను నిజంగా నిర్దోషేనా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అవునంటాను. మిగిలిన ఒక్క పాలు నా జబ్బు, అతని తప్పు కాదు.

కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ వెనకే నయా పైసలు వచ్చాయి. నేను అప్పుడు మంచిర్యాలలో ఉన్నాను. అణాకు ఆరు నయా పైసలు, పైన పావు. పావు పైసాకు బిళ్ళ లేదు. అక్కడి సహకార స్టోరులో ఉప్పు, దీపాల గ్యాసు నూనె కొలిచే మనిషి అణా సరుకుకు ఆరు కాకుండా ఏడు తీసుకుంటూ వచ్చాడు. సంఘానికి నష్టం రాకూడదని అతని తాపత్రయం. నేను తనిఖీకి వెళ్ళేసరికి పెట్టెలో ఒక చిన్న గుట్ట. మిగులు.

రాసేస్తే పోయేది. మంచి పేరు కూడా వచ్చేది. కలం మూత తీశాను కూడా. ఆనాటి మగ్గం కర్ర నునుపు అరచేతికి తగిలినట్టయింది. స్టోరులో కొనేవాళ్ళంతా ఆ చుట్టుపక్కలవాళ్ళే, పుస్తకంలో పేర్లున్నాయి. చిల్లర సంచి భుజాన వేసుకుని ఎండలో బయల్దేరాను.

మొదటి ఇంట్లో తలుపు తియ్యలేదు. "వసూలుకొచ్చిండు, లేడని చెప్పు," అని లోపలి నుంచి వినిపించింది. రెండో ఇంట్లో నా మాట అంతా విని, పైసలు ముట్టుకోకుండా, "సర్కారు పైసలిచ్చుడేంది? ఇయ్యాల ఇస్తవు, రేపు పన్నేస్తవు. మాకొద్దు," అన్నారు. తీసుకోవడానికి ఒప్పించలేక చాలా ఇళ్ళ ముందు తలపట్టుకున్నాను. వాళ్ళది తప్పని మీరంటారేమో. నేననను.

స్టేషన్లో మూటలు మోసే ఒక పెద్దాయన మాత్రం నన్ను కూచోబెట్టాడు. పైసలు ఒక్కొక్కటే బోర్లించి, వెల్లకిలా వేసి చూశాడు. లెక్క సరిపోయింది. అయినా రుమాలులో కట్టుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక కాగితం ముక్క, బొగ్గు మసి కలిపిన చిప్ప తెచ్చాడు.

"సారూ, ఇగ నా మీద ఏం బాకీ లేదని, మళ్ళ అడగరని గీ కాగితం మీద రాసియ్యి."

రాశాను. కింద నా సంతకం పెట్టాను, చక్కటి ఇంగ్లీషు సంతకం. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"గీ గీతలు నాకు తెల్వయి. రేపు నాది కాదంటె నేనేం జెయ్యాలె? వేలిముద్ర వెయ్యి."

ఎందరి చేత ఎన్ని కాగితాల మీద వేలిముద్రలు వేయించానో నాకే లెక్క లేదు. వేసేవాళ్ళ వేలు పట్టుకుని అదిమినవాణ్ణి. ఆ రోజు ఆ పెద్దాయన నా బొటనవేలు పట్టుకుని, చిప్పలో ముంచి, కాగితం మీద గట్టిగా అదిమాడు. గీతలు సరిగ్గా పడ్డాయో లేదో వంగి చూసుకున్నాడు. అప్పుడు గాని పైసలు రుమాలులో కట్టుకోలేదు.

ఆ నల్ల వేలితోనే తర్వాతి ఇంటి తలుపు కొట్టాను.